కుందేలు కోటు బాకీ తీరిందా?

పోయిన సంచికలో పుష్కిన్ రాసిన 'కెప్టెన్ కూతురు' చదివి మీకేమనిపించిందో రాయమన్నాం. పది పదిహేను ఉత్తరాలొస్తే గొప్ప అనుకున్నాం, కానీ చేతిరాత కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినవాళ్ల దగ్గర్నుంచి ఎనిమిది పేజీల మెయిల్ పెట్టినవాళ్ల దాకా చాలామందే రాశారు. సగం మంది తిట్టారు కూడా. అన్నీ వేయలేం కాబట్టి నాకు పని పెట్టినవి ఏరుకున్నాను.

చదవనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో. 1773లో రష్యాలో యాయిక్ నది దగ్గర పుగచోవ్ అనే కొసాక్కు (సరిహద్దుల్లో గుర్రాల మీద పోరాడే స్వతంత్ర సమూహాల మనిషి), అప్పటికే చనిపోయిన మూడో పీటరు చక్రవర్తిని నేనేనంటూ తిరుగుబాటు లేవదీశాడు. అప్పుడు గద్దె మీద ఉన్న కేథరిన్ రాణి ఆ పీటరు పెళ్లామే. ఇది చరిత్ర. నవలలోకొస్తే, పదహారేళ్ల గ్రినియోవ్‌ని తండ్రి పట్టుబట్టి సైన్యంలోకి పంపుతాడు. దారిలో మంచు తుఫానులో చిక్కుకుంటే ఎవడో దారినపోయే మనిషి వచ్చి గట్టెక్కిస్తాడు. కుర్రాడు తన కుందేలు చర్మం కోటు తీసి ఆ మనిషికిచ్చేస్తాడు. ఆ మనిషే పుగచోవ్. తర్వాత పుగచోవ్ గ్రినియోవ్ పనిచేసే కోటని పట్టుకుని, దాని అధికారి కెప్టెన్‌నీ ఆయన భార్యనీ చంపిస్తాడు, కోటు ఇచ్చినవాణ్ణి మాత్రం వదిలేస్తాడు. కెప్టెన్ కూతురు మాషా, మన గ్రినియోవ్ ప్రేమించుకున్నారు. ఇక చూసుకోండి.

"మీ గ్రినియోవ్ నాకు నచ్చలేదండీ. తిరుగుబాటుదారుడితో ఒకే బండిలో ప్రయాణం చేస్తాడు, వాడి సాయం తీసుకుంటాడు, మళ్లీ నేను రాణిగారి సైనికుణ్ణి అంటాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాణ్ణి కథానాయకుడంటే ఎలా?" – రిటైర్డ్ హెడ్‌మాస్టరు, విజయనగరం

మాస్టారూ, మీ కోపంలో సగం న్యాయం ఉంది, ఆ సగం ఎక్కడుందో తర్వాత చెబుతాను. ముందు ఆ రాత్రి సంగతి చూద్దాం. పొద్దున ఉరితీతలు అయ్యాయి, రాత్రి పుగచోవ్ తన మనుషులతో తాగి పాడి అందర్నీ పంపేసి కుర్రాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, నా దగ్గర చేరతావా అని అడుగుతాడు. అవునంటే బతుకుతాడు, పదవి కూడా వస్తుంది. రాణికి ప్రమాణం చేశాను, చేరలేనంటాడు. పోనీ, నా మీదికి కత్తి ఎత్తనని మాటిస్తావా అంటాడు పుగచోవ్. ఇక్కడ మీరూ నేనూ అయితే ఏం చేస్తామండీ, గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మాటదేముంది, ఇచ్చేసి బయటపడతాం. వీడు అదీ ఇవ్వడు, పైవాళ్లు వెళ్లమంటే వెళ్లక తప్పదు, అది నా చేతిలో లేదంటాడు. రెండు పడవల మనిషికి ఈ తెగువ ఎక్కడిది? ఆ నిజాయితీకే పుగచోవ్ భుజం తట్టి పంపేస్తాడు.

మీరన్న ఆ సగం ఇదీ. పుగచోవ్ పక్షాన చేరిపోయిన తోటి అధికారి ష్వాబ్రిన్ చేతిలో మాషా చిక్కిందని తెలిసి గ్రినియోవ్ ఓరెన్‌బుర్గ్‌లో జనరల్ దగ్గరికి వెళ్లి ఒక దళాన్నీ 50 మంది కొసాక్కుల్నీ ఇమ్మంటాడు. ఆయన ఇవ్వనంటాడు. అప్పుడు చెప్పాపెట్టకుండా శత్రువుల మధ్యకి బయల్దేరిపోతాడు. సైన్యంలో ఉన్నవాడు చేయకూడని పని అది, ముట్టడిలో ఉన్న ఊరు వదిలి సొంత పని మీద పోవడం. నవల ఆ తప్పుని ప్రేమ పేరు చెప్పి దాటేస్తుంది, పాఠకులం మనమూ దాటేస్తాం. మీరు దాటెయ్యలేదు, హెడ్‌మాస్టరు గారు కదా మరి.

అయితే తర్వాత రాజద్రోహం కింద జరిగిన విచారణలో అతన్ని ముంచింది ఈ తప్పు ఒక్కటే కాదు. ఎందుకు వెళ్లావని అడిగితే మాషా పేరు చెప్పాలి. చెబితే ఆ పిల్లని కోర్టుకి పిలుస్తారు, ష్వాబ్రిన్ లాంటివాళ్ల నోళ్లలో ఆమె పేరు నానుతుంది. నోరు మూసుకుని సైబీరియా ప్రవాసానికి సిద్ధపడతాడు. కాబోయే పెళ్లాం పరువు కోసం రాజద్రోహి అన్న ముద్ర వేయించుకున్నాడన్నమాట.

"సవేలిచ్ ముసలాయన గురించి మీరు తెగ మురిసిపోయారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. బానిస యజమాని కొడుకు కోసం ఉరితాడుకి అడ్డం పడితే దాన్ని విశ్వాసం అనాలా? మా తాత వెట్టి చేసినవాడు. ఆయనా దొర పిల్లల్ని ఎత్తుకు తిప్పాడు, దాన్ని ఎవరూ ప్రేమ అనలేదు." – ఖమ్మం

ఈ ఉత్తరం చదివాక నవలలో సవేలిచ్ వచ్చే పేజీలన్నీ మళ్లీ తిరగేశాను. మీరన్నది నిజం, నేను మురిసిపోయాను, ఆ మురిపెం వెనక ఏముందో చూసుకోలేదు.

సవేలిచ్ గ్రినియోవ్ కుటుంబానికి చెందిన దాసుడు. పొలంతో పాటు, పశువులతో పాటు లెక్కలో ఉండే మనిషి. రష్యాలో ఆ పద్ధతి రద్దయింది 1861లో, అంటే ఈ నవల అచ్చయిన పాతికేళ్లకి. కుర్రాణ్ణి ఐదో ఏట నుంచీ పెంచింది ఇతనే. ఉరితాడు కుర్రాడి మెడకి పడ్డాక పుగచోవ్ కాళ్ల మీద పడి, కావాలంటే ముసలివాణ్ణి నన్ను వేలాడదీయండి అన్నదీ ఇతనే. దీన్నే మనవాళ్లు 'ఉప్పు తిన్న విశ్వాసం' అంటారు. కానీ ఆ ఇంట్లో ఎవరి ఉప్పు ఎవరు తిన్నారో లెక్క వేస్తే, పొలం దున్ని పండించి పెట్టింది సవేలిచ్ లాంటివాళ్లే.

పుష్కిన్‌కి ఇది తెలీదా అంటే, తెలుసనే నాకు అనిపిస్తోంది. కుర్రాడు కత్తియుద్ధంలో గాయపడినప్పుడు ఇంటికి ఎందుకు రాయలేదని పెద్దాయన సవేలిచ్‌ని ముసలి కుక్కా అని తిడుతూ, పందులు కాయడానికి పంపిస్తానని ఉత్తరం రాస్తాడు. దానికి ముసలాయన జవాబు చదవండి. నేను కుక్కని కాదు బాబూ, మీ నమ్మిన బంటుని అంటాడు. అని, మీ చిత్తం, పందులు కాయమంటే కాస్తానంటాడు. ఆ మొదటి ముక్క దగ్గర నేను ఆగాను. ఎంత వంగినా ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేదాయన. కుక్కని మాత్రం కాదు.

తర్వాత ఇంకో పని చేస్తాడు, పుస్తకం మొత్తంలో నాకు బాగా ఇష్టమైనది. పుగచోవ్ కోట వదిలి వెళ్లిపోతూ గుర్రం మీద ఉంటే, చుట్టూ కత్తులవాళ్లు నిలబడి ఉంటే, వెళ్లి ఒక కాగితం ఇస్తాడు. పుగచోవ్‌కి చదవడం రాదు, ఆ సంగతి బయటపడకుండా దర్జాగా కార్యదర్శికి అందిస్తాడు. వాడు పైకి చదవడం మొదలుపెడతాడు, మీ మనుషులు మా బాబు దగ్గర దోచుకున్న వస్తువుల జాబితా! గౌన్లు ఇన్ని, చొక్కాలు ఇన్ని, నక్క బొచ్చు కోటు 40 రూబుళ్లు, ఆఖర్న, సత్రంలో తమరికి దయచేసిన కుందేలు కోటు 15 రూబుళ్లు. కెప్టెన్ శవం ఇంకా ఉరికంబం మీదే ఉంది అప్పటికి. పుగచోవ్ మండిపడి నీ చర్మమే ఒలిపించి కోటు కుట్టిస్తానంటే, తమ చిత్తం గాని నాకు బాబుగారి సొమ్ముకి లెక్క చెప్పాలి కదా అంటాడు. రాజుకీ దొంగకీ తేడా లేకుండా బిల్లు పెట్టినవాడు ఆ కోటలో ఈ ఒక్కడే. ఆ కాసేపటికే పుగచోవ్ ఒక గుర్రమూ, తన ఒంటి మీదున్న గొర్రె చర్మం కోటూ పంపిస్తాడు, అదీ మరి.

అయినా మీ తాతగారి మాట అలాగే ఉంది. పుస్తకం చివర యజమానికి క్షమాభిక్ష దొరుకుతుంది, పెళ్లి జరుగుతుంది. సవేలిచ్‌కి విడుదల దొరికిందని ఎక్కడా లేదు.

"ఇంతా చేసి చివర్న రాణిగారు తోటలో కుక్కపిల్లతో వాకింగ్ చేస్తూ మాషాకి కనబడి సమస్య తీర్చేయడం ఏంటండీ, పాత జానపద సినిమాలా?" – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

అలాగే ఉంది, ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం గమనించండి, ఇద్దరు పాలకులూ ఒకే పని చేశారు. ఒకడు దొంగ రాజు, ఒకామె అసలు రాణి. ఇద్దరూ చట్టం పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి వదిలేశారు. పుగచోవ్ ఏ గుర్తూ లేకుండా దారి చూపే మనిషిలా పరిచయమయ్యాడు, రాణి కూడా తెల్లటి ఉదయపు దుస్తుల్లో ఎవరో ఆవిడలా కనబడింది. ఈ జోడీ యాదృచ్ఛికం కాదు. పైగా ఆ రోజుల్లో పుష్కిన్ రాతల్ని నికొలాయ్ చక్రవర్తి స్వయంగా చూసేవాడు, అమ్మమ్మలనీ నాయనమ్మలనీ చెడుగా రాస్తే ఊరుకుంటాడా? కేథరిన్ ఆయనకి నాయనమ్మే మరి.

"మా నర్సీపట్నం వైపు పితూరి అంటే పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు, భయంతో కాదు, గౌరవంతో. ఈ రచయిత మాత్రం తిరుగుబాటు అంటే బుద్ధీ జాలీ లేని పని అని మొహం మీదే రాసేశాడు. దొరల పక్షం కాదా ఇది?" – నర్సీపట్నం

ఆ వాక్యం రష్యాలో చిన్నపిల్లలకి కూడా వచ్చు, అంతగా వాడేశారు దాన్ని. దేవుడా, రష్యన్ తిరుగుబాటుని మాత్రం మాకు చూపించకు అనే ధోరణిలో ఉంటుంది. అయితే అది అంటున్నది ముసలివాడైన గ్రినియోవ్, తన జ్ఞాపకాలు రాసుకుంటున్న భూస్వామి. ఆయన అలాగే అంటాడు, అనకపోతే ఆశ్చర్యం. పుష్కిన్ మనసులో మాట తెలుసుకోవాలంటే గ్రినియోవ్ ఏమంటున్నాడన్నది వదిలి ఏం చూశాడన్నది చూడాలని నా అభిప్రాయం.

కోట మీద దాడికి ముందు బష్కీరు అనే స్థానిక తెగకి చెందిన ఒక ముసలివాణ్ణి పట్టుకొస్తారు, తిరుగుబాటు కరపత్రాలతో దొరికాడు. ముక్కు లేదు, చెవులు లేవు, 1741 తిరుగుబాటు అణచినప్పుడు కోసేశారు. కెప్టెన్ మంచివాడే, నవలలో అంతకంటే మంచివాడు లేడు, ఆ మంచివాడే కొరడాతో కొట్టి అడగండిరా అంటాడు. బట్టలు విప్పి కొట్టబోతే ముసలివాడు మూలిగి తలాడించి నోరు తెరుస్తాడు. లోపల నాలుక లేదు, ఒక ముక్క కదులుతోందంతే. ఇక అడిగేదేముంది.

మర్నాడు కోట పడిపోయాక ఉరికంబం నిలబెడతారు. దాని అడ్డదూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చుని తాడు పట్టుకున్నవాడు ఈ నాలుక లేని ముసలివాడే. తాడు కదులుతుంది, కెప్టెన్ గాల్లోకి లేస్తాడు. పుష్కిన్ దీని మీద ఒక్క వ్యాఖ్య రాయలేదు, ఇందుకే ఇలా జరిగిందని చెప్పలేదు. నేను మొదటిసారి చదివినప్పుడు ఇద్దరూ ఒకడేనని గమనించలేదు కూడా, రెండోసారికి గాని వెన్నులో చలి పుట్టలేదు. ఇది దొరల పక్షం రాత అయితే ఆ నోరు తెరిపించి ఉండాల్సింది కాదు.

చరిత్రలో కూడా ఈ తిరుగుబాటు ఒక్కళ్లది కాదు. యాయిక్ కొసాక్కులకి తమ స్వపరిపాలన పోయిందన్న కోపం, 1772లో ఒకసారి లేచి దెబ్బతిన్నారు కూడా. బష్కీర్లకి భూములు పోయాయి. ఉరల్ ఫ్యాక్టరీల్లో కట్టుబానిసలు, పల్లెల్లో దాస రైతులు. బష్కీర్లలో సలవాత్ యులాయెవ్ అని ఒక కుర్రాడుండేవాడు, కవి కూడా, తండ్రి యులాయ్‌తో కలిసి పోరాడాడు. ఇద్దర్నీ పట్టుకుని కొరడాలతో కొట్టి, బాల్టిక్ తీరంలో కఠిన శిక్షకి పంపేశారు. తండ్రీకొడుకులు ఒకే తిరుగుబాటు, ఒకే చెర. నవలలో ఈ ఇద్దరికీ చోటు లేదు, మీ ఫిర్యాదు చేయాల్సింది నిజానికి దీని గురించి.

మన మన్యం పితూరితో పోల్చడానికి జంకుతున్నాను, 150 ఏళ్ల తేడా, మనిషి తేడా. ఒక్కటి మాత్రం గుర్తొచ్చింది: 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు, తీసుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి అల్లూరి సంతకం పెట్టాడని చెప్పుకుంటారు. సవేలిచ్ వింటే సంతోషించేవాడు.

"పేర్లు గుర్తుండట్లేదు. ఒకచోట మాషా, ఇంకోచోట మార్యా ఇవానొవ్నా. నాలుగో చాప్టర్ దాకా ఇద్దరమ్మాయిలనుకున్నాను." – డల్లాస్

ఒక్క అమ్మాయే. ఇవాన్ కూతురు కాబట్టి ఇవానొవ్నా, ముద్దు పేరు మాషా. మన దగ్గర సుబ్బలక్ష్మిని ఇంట్లో బుజ్జి అని, బ్యాంకులో ఇంటిపేరుతో పిలవమూ? అలాగే. ఒక చీటీ మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి, నేనూ అదే చేశాను.

"తల్లినీ తండ్రినీ చంపించినవాడే వచ్చి తలుపు తెరిచి, పో పిల్లా నీకు స్వేచ్ఛ ఇచ్చాను అంటే ఆ అమ్మాయికి ఎలా ఉంటుంది? దాని గురించి ఒక్క పేజీ కూడా లేదు. పుస్తకం పేరేమో ఆమెది. పైగా అబ్బాయి వాళ్ల నాన్న ఒప్పుకోలేదని పెళ్లి వద్దంటుంది. నాకు ఈ అమ్మాయి మీద జాలేసింది, రచయిత మీద కోపమొచ్చింది." – బీఈడీ విద్యార్థిని, గుంటూరు

అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇదే గట్టిది. నా దగ్గర పూర్తి జవాబు లేదు.

సంఘటన ఇదీ: ష్వాబ్రిన్ ఆమెని గదిలో పెట్టి రొట్టే నీళ్లూ ఇచ్చి పెళ్లికి ఒప్పుకోమంటున్నాడు. పుగచోవ్, గ్రినియోవ్ ఇద్దరూ వచ్చి విడిపిస్తారు. ఎదురుగా ఉన్నది తన తల్లిదండ్రుల్ని చంపించినవాడని ఆమెకి అర్థమై, చేతుల్లో మొహం దాచుకుని స్పృహ తప్పి పడిపోతుంది. అంతే. తర్వాత లేస్తుంది, బండెక్కుతారు. చెప్పేవాడు గ్రినియోవ్ కాబట్టి ఆమె లోపలికి వెళ్లలేకపోయాడని రచయిత తరఫున వాదించొచ్చు, కానీ అది వకీలు వాదన. పుష్కిన్ అక్కడ పక్కకి తప్పుకున్నాడు. నవలంతా ఒక కోటుకి ఎంత రుణం అని లెక్క వేసిన మనిషి, రెండు ప్రాణాలు తీసి ఒక ప్రాణం వదిలినవాడికి ఏ లెక్క అని ఆమె చేత ఒక్కసారి అడిగించలేదు.

పెళ్లి సంగతి మాత్రం నేను వేరేలా చదివాను. పెద్దవాళ్ల దీవెన లేనిదే వద్దన్నది భయపడి కాదు. వాళ్ల అమ్మానాన్నల్ని చూడండి, వసిలీసా యెగరొవ్నా కోటని ఇల్లు నడిపినట్టు నడుపుతుంది, సైనికుల తగాదాలు కూడా ఆవిడే తీరుస్తుంది, మొగుడు కెప్టెన్ అనేది పేరుకే. దాడికి ముందురోజు మొగుడు నువ్వు ఓరెన్‌బుర్గ్ వెళ్లిపో అంటే ముసలితనంలో నిన్ను వదిలి పరాయి చోట సమాధి వెతుక్కోనా అని ఉండిపోతుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి ఇల్లంటే అది. మరి అదే పిల్ల, మొగుడు కాబోయేవాడు నోరు విప్పకుండా శిక్ష వేయించుకుంటే, తనంతట తానే రాజధానికి బయల్దేరుతుంది. యుద్ధాల్లో నలిగిన మేజరు మావగారు చేయలేని పని. ఆ మావగారిది ఇంకో రకం బాధ, కొడుకు చనిపోతాడని కాదు, ప్రమాణం తప్పాడని. కొడుకుని ఉరితీస్తే భరిస్తాను గాని ద్రోహి అంటే భరించలేనని కుమిలిపోతాడు. ఇలాంటి నాన్నలు మనకి కొత్తా?

"ష్వాబ్రిన్ మరీ సినిమా విలన్‌లా ఉన్నాడు." – కడప

ఉన్నాడు. దీని వెనక కథ ఉంది. పుగచోవ్ పక్కన చేరిన దొర కొడుకు ఒకడు నిజంగానే ఉండేవాడు, ష్వాన్విచ్ అనే అధికారి. పుష్కిన్ మొదట అతన్నే కథానాయకుణ్ణి చేద్దామనుకున్నాడు, ద్రోహం చేసిన మనిషి కథ. రాసుకుంటూ పోయేకొద్దీ ఆ ఒక్కడూ ఇద్దరయ్యాడు, మంచంతా గ్రినియోవ్‌కి పోయింది, మిగిలింది ష్వాబ్రిన్‌కి దక్కింది. సెన్సారు ఉన్న రోజుల్లో తిరుగుబాటులో చేరినవాణ్ణి హీరో చేయడం కుదరని పని. కుదిరి ఉంటే ఇంకా గొప్ప నవల వచ్చేదేమో.

"నవల అంతా గ్రినియోవ్ కుటుంబం గొడవే. పుగచోవ్‌కి పెళ్లాం పిల్లలు లేరా?" – నల్గొండ

ఉన్నారు. నవలలో లేరు గాని, ఉన్నారు. భార్య సోఫియా, కొడుకు ట్రోఫిమ్, ఇద్దరు ఆడపిల్లలు అగ్రఫేనా, ఖ్రిస్తీనా. ఇతను చక్రవర్తి వేషం కట్టాక ప్రభుత్వం వాళ్లని పట్టుకుని కజాన్‌లో ఉంచింది. 1774 జులైలో పుగచోవ్ సైన్యం కజాన్‌లోకి దూరి ఊరు తగలబెట్టింది, ఆ గందరగోళంలో పెద్దపిల్లాడు గుర్రం మీద వెళ్తున్న మనిషిని చూసి, అమ్మా, నాన్న అక్కడున్నాడే అన్నాడట. పుగచోవ్ చూశాడు, గుర్తుపట్టాడు. ఇప్పుడేం చేయాలి? నా పిల్లలంటే చక్రవర్తి కాదని తేలిపోతుంది. ఈవిడ నా కోసం కష్టాలు పడ్డ నా మిత్రుడు పుగచోవ్ భార్య, బండిలో ఎక్కించుకోండి అన్నాడు. సొంత పెళ్లాన్ని మిత్రుడి పెళ్లాం అని, తన పేరునే ఇంకొకడి పేరు అని. అంతకుముందే, ఆ ఏడాది మొదట్లో, చక్రవర్తి హోదాలో ఉస్తీన్యా అనే కొసాక్కు పిల్లని పెళ్లి కూడా చేసుకున్నాడు. అది కొసాక్కుల్లోనే కొంతమందికి అనుమానం తెప్పించింది, నిజం చక్రవర్తి అయితే పెళ్లాం బతికుండగా మామూలు పిల్లని ఎందుకు చేసుకుంటాడని.

చివరికి సొంత మనుషులే పట్టిచ్చారు. 1775 జనవరిలో మాస్కోలో తల తీశారు. ఇద్దరు భార్యల్నీ ముగ్గురు పిల్లల్నీ కలిపి కెక్స్‌హోల్మ్ కోటలో పెట్టారు, మళ్లీ సొంత ఊరి ముఖం చూడలేదు వాళ్లెవరూ. డాన్ నది దగ్గర అతను పుట్టిన ఇల్లు తగలబెట్టించారు, ఊరి పేరు మార్చారు, యాయిక్ నది పేరు కూడా మార్చి ఉరల్ అన్నారు. ఇప్పటికీ పటంలో ఉరల్ అనే ఉంది.

నన్నడిగితే, కజాన్‌లో ఆ పిల్లాడు నాన్నా అన్న నిమిషం ఒక్కటీ ఒక నవల. పుష్కిన్ ఈ తిరుగుబాటు మీద చరిత్ర పుస్తకం విడిగా రాశాడు, 1834లో అచ్చయింది. ఆయనకి ఈ కుటుంబం సంగతి తెలుసు. నవలలోకి రానివ్వలేదు.

"పోయిన సంచికలో దీన్ని 'తిరుగుబాటు నేపథ్యంలో ప్రేమకథ' అన్నారు. చదివే రాశారా?" – రాజమండ్రి

చదివే రాశాను, తొందరగా రాశాను. వెనక్కి తీసుకుంటున్నాను. ప్రేమ ఇందులో నడిపించే ఎద్దు మాత్రమే, బండిలో ఉన్న బరువు వేరే.

ఆ బరువేంటో తెలియాలంటే పుష్కిన్ అచ్చుకి ఇవ్వకుండా తీసేసిన అధ్యాయం ఒకటుంది, అది చూడండి. ఆయన పోయిన చాలా ఏళ్లకి గాని బయటికి రాలేదు. అందులో తిరుగుబాటు గ్రినియోవ్ సొంతూరికే వస్తుంది. సొంత రైతులే అమ్మనీ నాన్ననీ మాషానీ ధాన్యం కొట్లో పెట్టి తాళం వేస్తారు. కుర్రాడు నది దాటుతుంటే ఎదురుగా ఒక తెప్ప తేలి వస్తుంది, దాని మీద ఉరికంబం, మూడు శవాలు. చివరికి అంతా సర్దుకున్నాక మర్నాడు పొద్దున్నే రైతులు తప్పైపోయిందని వస్తారు. ముసలి దొర వాళ్లని చూసి, వానల్లేవు, గడ్డి కోసుకునే రోజులు, మూడ్రోజులుగా ఏం వెలగబెట్టార్రా, పోండి కోతకి అంటాడు. అంతే, అందరూ కొడవళ్లు పట్టుకుపోతారు. ముందురోజు చంపబోయినవాళ్లు! నమ్మబుద్ధి కాదు గాని, వ్యవసాయం తెలిసినవాళ్లు నమ్ముతారు.

"పుగచోవ్ ఉండే గుడిసెకి బంగారు కాగితం అంటించి రాజభవనం అన్నారని ఉంది. ఇదంతా కల్పనేనా?" – నెల్లూరు

కాదండీ. గోడలకి బంగారు కాగితం, కానీ మూల పొయ్యి కర్ర, మేకుకి తువ్వాలు, తాడుకి వేలాడే చేతులు కడుక్కునే చెంబు, మిగతా అంతా మామూలు పల్లె ఇల్లే. పుష్కిన్ 1833 సెప్టెంబరులో కజాన్, ఓరెన్‌బుర్గ్ వైపు తిరిగాడు, అంటే సరిగ్గా 60 ఏళ్ల తర్వాత. పుగచోవ్ మకాం పెట్టిన బెర్దా అనే ఊళ్లో అప్పట్లో చూసిన ఒక ముసలమ్మ ఇంకా బతికే ఉంది. కూర్చోబెట్టుకుని పొద్దంతా అడిగాడు, ఆవిడ కథలు చెప్పింది, పాటలు పాడింది, వెళ్తూ ఒక బంగారు నాణెం చేతిలో పెట్టాడు.

ఊళ్లో గుప్పుమంది. ఎవడో వచ్చాడు, నల్లగా ఉన్నాడు, ఉంగరాల జుట్టు, గోళ్లు చూస్తే మనిషి గోళ్లలా లేవు, దొంగ రాజు గురించి అడిగి బంగారం ఇచ్చిపోయాడు, ఇది దయ్యం పని కాక ఏమిటి అని. ఆ నాణెంతో సహా ముసలమ్మని బండెక్కించి ఓరెన్‌బుర్గ్ అధికారుల దగ్గరికి తీసుకెళ్లారు. పుష్కిన్‌కి గోళ్లు పొడుగ్గా పెంచుకునే అలవాటు, అదీ సంగతి.